ఫిలింనగర్ ఎత్తు, నా సైకిలు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వసంతకాలంలో నేను చేసే సైకిలు షికార్ల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారి ఆదేశం. ముప్పై అయిదేళ్ళు ఇతరులు మాట్లాడిన దానికి మినిట్సు రాసిన వాణ్ణి. ఇవాళ నా మాటలను ఇంకొకరు రాసుకుంటూ ఉంటే కొంచెం బెరుకుగానే ఉంది. ఎక్కడైనా తడబడితే 'సవరించి చదువుకోవలెను' అని మార్జిన్‌లో రాసుకోండి.

నేను 1973లో ఉద్యోగంలో చేరాను. 1975లో సైకిలు అడ్వాన్సుకు దరఖాస్తు పెట్టుకున్నాను. మీలో చాలామంది పెట్టుకున్నవారే. ఆ ఫైలు మూడు బల్లలు తిరిగి, చివరికి 'పరిశీలించి పంపవలసినది' అన్న ముక్కతో నా బల్ల మీదికే వచ్చింది. నా దరఖాస్తును నేనే పరిశీలించుకుని, అన్నీ సక్రమంగా ఉన్నట్టు నాకు తోచి, 'సిఫారసు చేయవచ్చును' అని రాసి పైకి పంపాను. సూపరింటెండెంటుగారు చూసి నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేశారు. అలా వచ్చింది నా హెర్క్యులిస్. నెలనెలా జీతంలో కోత పడినా, జీతం అందుకున్న రోజున ఆ కోత చూసి బాధపడని ఏకైక అప్పు అదే.

అప్పట్లో చిక్కడపల్లిలో గది. 1976లో అక్కినేనివారి అన్నపూర్ణ స్టూడియో తయారైందని విని, ఒక ఆదివారం ఆఫీసు మిత్రులిద్దరితో కలిసి చూడటానికి బయలుదేరాం. పంజాగుట్ట దాకా బాగానే ఉంది. అక్కణ్ణించి ఎత్తు మొదలయింది. బంజారాహిల్స్ దాటాక కనుచూపు మేరా బండరాళ్ళు, తుమ్మచెట్లు, సీతాఫలం పొదలు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి పెట్టినట్టుండే ఆ గ్రానైటు రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళని తరవాత చదివాను. ఆ రోజున మాత్రం 'ఈ రాళ్ళల్లో సినిమాలేం తీస్తారయ్యా?' అనుకుంటూ సైకిళ్ళు నెట్టుకుంటూ నడిచాం. గేటు చూశాం, గోడ చూశాం, గేటు దగ్గర కాపలాదారును చూశాం. సోమవారం ఆఫీసులో మాత్రం నాగేశ్వరరావుగారిని చూసినట్టే చెప్పాం. ఆ కథనం మీద ఇప్పటిదాకా విచారణ జరగలేదు.

తరవాత అదే గుట్టల్లో పద్మాలయ వచ్చింది, రామానాయుడు స్టూడియో వచ్చింది, ఫిలింనగర్ వెలిసింది. మద్రాసులో ఉన్న పరిశ్రమ దాదాపు మొత్తం ఇటు తరలివచ్చింది. నా సంసారం కూడా చిక్కడపల్లి నుంచి యూసుఫ్‌గూడకు తరలివచ్చింది. పిల్లవాడి చదువు, స్కూటరు, బస్సు పాసు. ఈ సందట్లో హెర్క్యులిస్ మేడ మీదికెక్కి, తుప్పు పట్టి, ఒకనాడు పాత ఇనుప సామాన్లవాడి తోపుడుబండి ఎక్కింది. ఆ భాగం తొందరగా దాటేస్తాను.

2008లో పదవీ విరమణ చేశాను. మరుసటి ఏడాది చక్కెర బయటపడింది. డాక్టరు నడవమన్నాడు. మోకాలు వద్దంది. ఇద్దరికీ మధ్యేమార్గంగా సైకిలు కొన్నాను, ఈసారి గేర్లది. ఇంటికి తీసుకురాగానే మా ఆవిడ, 'ఎవరికండీ?' అంది. అప్పటికి మనవలు పుట్టలేదు. 'నాకే' అన్నాను. ఆమె పసుపు తెచ్చి హ్యాండిలుకు బొట్టు పెట్టింది కానీ, రెండు రోజులు ఇరుగుపొరుగులకు చెప్పలేదు.

ఇక అసలు విషయం. మన హైదరాబాదులో సైకిలువాడికి వసంతం ఆరు వారాలే. శివరాత్రికి చలి శివశివా అని పోతుంది. ఉగాది దాటి పది పదిహేను రోజులయ్యేసరికి ఉదయం ఏడింటికే తారు రోడ్డు సెగలు కక్కుతుంది. ఈ రెంటి నడుమ ఉన్నదే మన భాగ్యం. తెల్లవారుజామున అయిదుంబావుకు గేటు తీస్తాను. ముందు కృష్ణానగర్. మీరు ఎప్పుడైనా ఆ వేళకు అటు వెళ్ళారో లేదో, ఊరంతా నిద్రలో ఉంటే అక్కడ మాత్రం దీపాలు వెలుగుతుంటాయి. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, సెట్ పనివాళ్ళు, వంటవాళ్ళు టీకొట్ల దగ్గర ప్రొడక్షన్ వ్యాన్ల కోసం నిలబడి ఉంటారు. ఇరవై నాలుగు శాఖల సినిమా అంటారే, అందులో ఇరవై శాఖలు ఆ రోడ్డు మీదే కనిపిస్తాయి. మిగతా నాలుగూ కొండమీద ఇంకా నిద్రలేవవు.

అక్కణ్ణించి చెక్‌పోస్టు దాకా ఎక్కుడు. ఎత్తు ఎక్కడంలో రహస్యం ఏమీ లేదు. ఎత్తు మొదలయ్యాక గేరు మార్చకూడదు, ముందే మార్చుకోవాలి. పైకి చూడకూడదు, ముందు చక్రానికి రెండు గజాల ముందు చూడాలి. మాట్లాడగలిగినంత వేగంలో తొక్కాలి. ఒంటరిగా ఉంటే ఎవరితో మాట్లాడాలి అంటారా, నేను జీవో నెంబర్లు నెమరు వేసుకుంటాను. నెంబరు మధ్యలో ఊపిరి తెగితే వేగం ఎక్కువైందని లెక్క.

2019లో మెట్రో స్టేషను వచ్చాక చెక్‌పోస్టు రూపే మారిపోయింది. ఎడమకు తిరిగితే కె.బి.ఆర్. పార్కు. లోపల సైకిలు పనికిరాదు గనక నేను బయటి రోడ్డు మీదే చుట్టి వస్తాను. సుమారు 390 ఎకరాల అడవి నడి ఊళ్ళో మిగిలి ఉండటం మన అదృష్టం. 1998లో దాన్ని జాతీయవనంగా ప్రకటించకపోతే ఏమయ్యేదో చుట్టూ చూస్తే మీకే తెలుస్తుంది. ఫాల్గుణంలో కంచె లోపల చెట్లు సగం మోడు, సగం చిగురు. కానుగపూలు రాలి కాలిబాట మీద పేలాలు ఒలకబోసినట్టుంటుంది. నెమలి అరుస్తుంది. దాని అందానికీ గొంతుకీ పొత్తు కుదరదని చిన్నప్పుడు చదివాను గానీ, చీకట్లో ఒక్కణ్ణే ఎత్తెక్కుతున్నప్పుడు ఆ కేక ఎంత తోడుగా ఉంటుందో నాకు తెలుసు.

కొన్ని రోజులు అటు వెళ్ళకుండా ప్రశాసన్‌నగర్ మీదుగా ఫిలింనగర్ వైపు పోతాను. ప్రశాసన్‌నగర్ అంటే మన ఐ.ఏ.ఎస్., ఐ.పి.ఎస్. అధికారుల కాలనీ. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ ఇళ్ళ ముందుకు రాగానే నా కాళ్ళు వాటంతటవే నెమ్మదిస్తాయి, వెన్ను నిటారవుతుంది. ఒకసారి బెల్లు కొట్టబోయి మానుకున్నాను కూడా. ఫిలింనగర్‌లో ఆ భయం లేదు. పెద్దపెద్ద గోడలు, గోడల మీద కాగితంపూలు, గేటు దగ్గర కుర్చీలో వాచ్‌మన్. సైకిలు తొక్కే ముసలివాణ్ణి చూసి చెయ్యి ఎత్తేది ఆ వాచ్‌మన్లే. పదిహేనేళ్ళలో నాకు ఆ వీధుల్లో హీరోలెవరూ పరిచయం కాలేదు గానీ వాచ్‌మన్లు ఏడుగురు పరిచయమయ్యారు.

ఆదివారాలు గుంపుతో వెళ్ళేవాణ్ణి. చెక్‌పోస్టు దగ్గర కలిసే సాఫ్ట్‌వేర్ కుర్రవాళ్ళు, అమ్మాయిలు పన్నెండు పదిహేనుమంది. వాళ్ళ సైకిలు చిటికెనవేలితో ఎత్తవచ్చు. దాని ధర మాత్రం నేను రిటైరైన నాటి ఆరునెలల జీతం. నన్ను 'అంకుల్' అంటారు. గుంపుగా తొక్కడంలో ఒక మర్యాద ఉంది. ముందువాడు గుంత చూస్తే చేత్తో చూపిస్తాడు, వెనకవాడు ఇంకో వెనకవాడికి చూపిస్తాడు. అలా ఒక గుంత పదిహేనుమంది చేతుల మీదుగా చివరికి నాదాకా వస్తుంది. మన ఆఫీసుల్లో సర్క్యులరు ఇంత వేగంగా తిరిగి ఉంటే దేశం బాగుపడేది. 45వ నెంబరు రోడ్డు మీదుగా, 2020 సెప్టెంబరులో తెరిచిన కేబుల్ వంతెన దాటి మాదాపూర్‌లో ఇడ్లీ తిని వెనక్కి రావడం. దుర్గంచెరువు మీద పొద్దు పొడవటం ఆ వంతెన నడుమ నిలబడి చూడాలి.

ఎప్పుడూ నా వెనక ఒక కుర్రవాడు ఉండేవాడు. పెద్దవాణ్ణని గౌరవంతో ముందుకు పోవడం లేదని చాలాకాలం అనుకున్నాను. గుంపులో ఆఖరివాడు తప్పిపోకుండా ఒకరిని వెనక ఉంచుతారనీ, అది వంతులవారీ డ్యూటీ అనీ ఏడాది తరవాత తెలిసింది. కాస్త చివుక్కుమంది గానీ, డ్యూటీ అని తెలిశాక నాకు ఇంకా భరోసాగా అనిపించింది.

వాళ్ళు 200 కిలోమీటర్లు 13న్నర గంటల్లో పూర్తిచేసే పందాల గురించి చెబితే, నేను వాళ్ళకు ఫ్రాన్సు దేశస్థుడు రాబర్ట్ మార్షాన్ కథ చెప్పేవాణ్ణి. 2017 జనవరిలో, 105 ఏళ్ళ వయసులో, గంటలో 22.547 కిలోమీటర్లు తొక్కాడాయన. ఇంట్లో కూడా ఇదే కథ చెబితే మా కోడలు, 'ఆయన కప్పు కింద చెక్క ట్రాక్ మీద తొక్కాడు మామయ్యగారూ, అక్కడ నీళ్ళ ట్యాంకర్లు తిరగవు' అంది. ఆ మాట అప్పుడు నవ్వులాటకే అన్నది.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న చోటికి వచ్చాను. 2024 జనవరి, ఫిబ్రవరి నెలల్లో రెండుసార్లు, ఎత్తంతా ఎక్కి చెక్‌పోస్టు దగ్గర ఆగగానే కళ్ళు బైర్లు కమ్మాయి. నాలుగు క్షణాలు. కరెంటు స్తంభం పట్టుకుని నిలబడితే పోయింది. ఇంటికి వచ్చాక మా ఆవిడ రోజూ అడిగినట్టే, 'ఎలా ఉందండీ ఇవాళ?' అని అడిగింది. 'బాగుంది' అన్నాను. మనం నెలనెలా పైఆఫీసుకు నిల్ రిపోర్టు పంపేవాళ్ళం గుర్తుందా? అదే పంపాను. ఎందుకంటే నిజం రాస్తే ఏమవుతుందో తెలుసు. విచారణ, డాక్టరు, ఆపైన సైకిలు స్వాధీనం. గుంపులో కుర్రవాళ్ళకూ చెప్పలేదు.

మార్చిలో ఒక తెల్లవారుజామున ఫిలింనగర్ నుంచి షేక్‌పేట వైపు దిగుతున్నాను. అది చైత్రానికి ముందు ఆకు రాలే కాలం. మలుపులో ఏదో ట్యాంకరు కారుస్తూ పోయిన నీళ్ళు, దానిమీద ఇసుక, ఇసుక మీద ఎండుటాకులు. పైకి పొడిగా, కింద తడిగా ఉంది. మలుపులో ఉండగా వెనక బ్రేకు గట్టిగా నొక్కాను. చక్రం పక్కకు జారిపోయింది. ఎడమ భుజం మీద పడ్డాను. కళ్ళు తిరిగి పడ్డానా, జారి పడ్డానా అంటే, జారే పడ్డాను. కానీ బ్రేకు అంత గట్టిగా ఎందుకు నొక్కానో నాకు తెలుసు. తల తేలికైనట్టు అనిపించి భయపడి నొక్కాను.

ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. లైట్లు మోసుకుపోయే ప్రొడక్షన్ వ్యాను ఒకటి ఆగింది. 'పెద్దాయనా, కదలకండి' అంటూ ఇద్దరు దిగారు. ఒకడు లైట్‌మన్, ఇంకొకతను కాస్ట్యూమ్స్ మనిషి. అతను పెట్టె తెరిచి జరీ అంచు పసుపుపచ్చ ఉత్తరీయం తీసి నా చెయ్యి మెడకు కట్టాడు. ఏ పెళ్ళికొడుకు వేషానికి తెచ్చిందో! కాల్షీటు టైము అవుతున్నా వాళ్ళు నన్ను దగ్గరి ఆసుపత్రిలో దింపి, సైకిలు అక్కడ గోడకు చేరేసి, మా అబ్బాయికి ఫోను చేసి మరీ వెళ్ళారు. పేర్లు అడగలేదు నేను. తరవాత కృష్ణానగర్ టీకొట్ల దగ్గర చాలా పొద్దుటివేళలు వెతికాను, ఉత్తరీయం ఉతికి మడత పెట్టుకుని. దొరకలేదు.

కాలర్ ఎముక విరిగింది. డాక్టరు అడిగాడు: 'ఇదివరలో ఎప్పుడైనా కళ్ళు తిరిగాయా?' మా ఆవిడ పక్కనే ఉంది. 'లేదండీ' అన్నాను. అది రెండో నిల్ రిపోర్టు.

మా అబ్బాయి సైకిలును మేడమీదికి ఎక్కించి గొలుసుతో కట్టి తాళం వేశాడు. ఆ ఏడు ఏప్రిల్ 9న వచ్చిన క్రోధి ఉగాది నాకు పేరుకు తగ్గట్టే గడిచింది. చెయ్యి మెడకు కట్టుకుని కూర్చుంటే మా ఆవిడ చెంచాతో పచ్చడి నోట్లో పెట్టింది. నేను ఇంట్లో అందరి మీదా అరిచాను. 'ఇన్నేళ్ళు సర్వీసు చేసినవాణ్ణి, నన్ను సస్పెండు చేసే అధికారం మీకెవరిచ్చారు' అన్నంత దాకా వెళ్ళాను. అబ్బాయి కూడా గొంతు పెంచాడు. కోడలు మాత్రం వాదించలేదు. అందరూ భోజనాలు చేశాక వచ్చి కూర్చుని, 'మామయ్యగారూ, ఆ రోజు ఏం జరిగిందో మొదటినుంచీ ఒకసారి చెప్పండి' అంది. ఆకులు, ఇసుక, బ్రేకు చెప్పాను. 'దానికి ముందు?' అంది. ఆ ఒక్క మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. చెప్పేశాను. జనవరిది, ఫిబ్రవరిది, అన్నీ.

అబ్బాయి ఏమీ అనలేదు. మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు గిన్నెల చప్పుడు కూడా వినపడలేదు. తరవాత గుమ్మం దగ్గర నిలబడి, 'రోజూ అడిగాను కదండీ' అంది. అంతే. ఎముక అతకడానికి ఆరువారాలు పట్టింది. ఈ మాట మాత్రం ఇంకా అతకలేదు.

మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెబితే, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశాడు. నిలబడగానే బాగా పడిపోతోంది. ఒక మాత్ర మార్చాడు, ఇంకొకటి వేళ మార్చాడు. కొన్ని బీపీ మాత్రలతో పెద్దవయసులో ఇలా అవుతుందట. పైగా ఎత్తెక్కాక ఠక్కున ఆగితే కాళ్ళల్లోకి దిగిన రక్తం పైకి రావడం ఆలస్యమై తల తేలికవుతుందట. ఆగకుండా రెండు మూడు నిమిషాలు మెల్లగా తొక్కుతూ ఉండాలి, బయలుదేరే ముందు నీళ్ళు తాగాలి. ఇంత చిన్న విషయం. జనవరిలో చెప్పి ఉంటే ఒక మాత్ర మార్పుతో పోయేది. ఇక్కడ కూర్చున్నవారిలో ఇలాంటి నిల్ రిపోర్టులు పంపుతున్నవారు ఎందరున్నారో నేను అడగను. ముందు వరుసలో ఇద్దరు ఇప్పుడే తల దించుకున్నారు.

ఆ అక్టోబరులో తాళం తీశారు, షరతులతో. పన్నెండేళ్ళ మా మనవరాలు నోటు పుస్తకంలో రాసింది, నేను దాన్ని కార్యాలయ భాషలోకి మార్చాను. ఒంటరిగా వెళితే కె.బి.ఆర్. పార్కు దాకా మాత్రమే. ఫిలింనగర్‌కు ఎవరైనా తోడుంటేనే. దిగుడులో సైకిలు దిగి నడవాలి. కళ్ళు తిరిగితే అదే రోజు చెప్పాలి. వాళ్ళ వైపు నుంచి ఒకటే షరతు, అది నేను పెట్టించింది: నేను బయట ఉండగా పది నిమిషాలకోసారి ఫోను చెయ్యకూడదు. అబ్బాయి సంతకం పెట్టాడు. మంజూరు అధికారి మా ఆవిడ. ఆమె 'ఆమోదించడమైనది' అని రాసి, కింద తేదీ కూడా వేసింది. ఇన్నేళ్ళ కాపురంలో నా భాష ఎంత పట్టుబడిందో చూడండి.

దిగుడులో నడవడం నాకు ఇప్పటికీ నామోషీగానే ఉంది. ఎక్కేటప్పుడు పడ్డ కష్టానికి కూలి దిగుడులోనే కదా దొరికేది! కుర్రవాళ్ళు పక్కనుంచి గాలిలా దూసుకుపోతుంటే, నేను సైకిలును దూడలా పట్టుకుని నడిపిస్తుంటాను. ఆ షరతు సవరించమని రెండుసార్లు అర్జీ పెట్టాను. రెండూ తిరస్కరించారు.

దీనివల్ల నేను ఊహించనిది ఒకటి జరిగింది. 'తోడు' అన్న షరతు పెట్టినవాళ్ళే తోడు రావలసివచ్చింది. అబ్బాయి కాలేజీ తరవాత సైకిలు ముట్టలేదు, కోడలికి అసలు రాదు. కొండాపూర్‌లో బొటానికల్ గార్డెన్ దగ్గర అటవీశాఖవారు 2017లో తెరిచిన పాలపిట్ట సైక్లింగ్ పార్కుకు 2025 ఫిబ్రవరిలో వరసగా నాలుగు ఆదివారాలు వెళ్ళాం. అక్కడ సైకిళ్ళు అద్దెకిస్తారు, చెట్ల మధ్య బాట, మోటారు బండ్ల బెడద లేదు. నలభయ్యేళ్ళ కోడలికి సీటు వెనక పట్టుకుని నేర్పించింది పన్నెండేళ్ళ కూతురు. మా ఆవిడ బెంచీ మీద కూర్చుని పులిహోర డబ్బా కాపలా కాసింది. 1978లో ఆమెను హెర్క్యులిస్ క్యారియరు మీద కూర్చోబెట్టుకుని సినిమాకు తీసుకెళ్ళిన సంగతి మనవరాలికి చెబుతుంటే విని, 'ఒకసారి పడేశారు కూడా, అది చెప్పండి' అంది. చెప్పాను. దాచడం మానేశాను గదా.

2025 మార్చి 30 ఆదివారం, విశ్వావసు ఉగాది. వేపపువ్వు ఎర్రగడ్డ రైతుబజారులో పొట్లాలు కట్టి అమ్ముతారు, నిజమే. కానీ ఫిలింనగర్ ఎత్తు మీద ఒక ఖాళీ స్థలం గోడ మీదుగా రోడ్డుకు వంగిన వేపచెట్టు ఉంది. అక్కడి వాచ్‌మన్ నా ఏడుగురిలో ఒకడు. చీకటితోనే నేనూ, మనవరాలూ బయలుదేరాం. అబ్బాయి వెనక స్కూటరు మీద వస్తానన్నాడు గానీ, మా ఆవిడే వద్దంది. ఎత్తు మొదలయ్యేదాకా పక్కపక్కనే తొక్కాం. తరవాత ఆ పిల్ల లేచి నిలబడి తొక్కుతూ ముందుకు వెళ్ళిపోయింది. నేను జీవో నెంబర్లు లెక్కపెట్టుకుంటూ వెనక. మలుపు దగ్గర ఆగి, ఒక కాలు నేలమీద ఆనించి వెనక్కి తిరిగి చూస్తోంది. గుంపులో ఆ కుర్రవాడు చూసినట్టే, డ్యూటీలాగా.

'తాతయ్యా, ఆగకు, మెల్లగా తొక్కుతూనే ఉండు' అని అరిచింది.

వాచ్‌మన్ కర్రతో కొమ్మ వంచాడు. పువ్వు సంచీలోకి కొంత, మా తలల మీద కొంత రాలింది. దిగుడులో ఇద్దరం సైకిళ్ళు పట్టుకుని నడిచాం. ఆ పిల్ల నడవనక్కర లేదు, ఆమెకు షరతులేమీ లేవు. అయినా నడిచింది. ఇంటికి చేరేసరికి ఏడైంది. గుమ్మంలో మా ఆవిడ సంచీ అందుకుని, 'ఎలా ఉందండీ ఇవాళ?' అంది.

చెక్‌పోస్టు దగ్గర కొంచెం ఆయాసం వచ్చిందని చెప్పాను.